ఓదెలు బిళ్ల మీద దిగిన దేవదానం

1972. గోదావరిఖనిల మా బాయి మొగదల దగ్గర రేకుల కప్పు కింద ఒక పొడుగాటి రూము. దానికి ఒక కిటికీ. కిటికీ లోపల నేను, బయట లైను. అదే ల్యాంపు రూము. బొగ్గుబాయిల దిగే ప్రతి మనిషి నెత్తికి పెట్టుకునే దీపం నా చేతుల మీదుగ పోవాలె, మళ్ల నా చేతుల్లకే రావాలె. నేను అయిదో తరగతిల బడి ఇడిసిపెట్టిన. బడే నన్ను ఇడిసిపెట్టిందని మా సారు అంటుండె. ఎట్లయితేంది, ఇద్దరం సంతోషంగనే విడిపోయినం.

ఈ పని బయటోళ్లకు తెల్వదు గనుక రెండు ముచ్చట్లు చెప్త. క్యాప్ ల్యాంపు అంటే టోపీకి తగిలించే లైటు బుగ్గ, నడుముకు కట్టే బ్యాటరీ, రెంటి నడుమ ఒక నల్ల వైరు. బ్యాటరీల యాసిడ్ పోస్తం. చుక్క పడ్డకాడల్ల బట్టకు చిల్లు. మా ఇంటామె నా అంగీలు ఉతుకుతు "నీకు అంగీ ఎందుకయ్యా, జల్లెడ కట్టుకోరాదు" అనేది. ఇగ టోకెన్. దాన్ని మేం బిళ్ల అంటం. ఇత్తడిది, మీద నంబరు కొట్టి ఉంటది. మనిషి బిళ్ల ఇచ్చి ల్యాంపు తీసుకుంటడు, ఆ బిళ్లను నేను బోర్డు మీది మొలకు తగిలిస్త. పైకొచ్చి ల్యాంపు అప్పజెప్పినంక బిళ్ల వాపసు. షిఫ్టు దిగిపోయినంక గూడ బోర్డు మీద బిళ్ల ఏలాడుతున్నదంటే, ఒక మనిషి ఇంక లోపలనే ఉన్నట్టు. అప్పుడు మేం అన్నం ముందున్నా లేచి ఉరుకాలె.

బిళ్ల మీద నంబరే ఉంటది. నంబరు పెట్టి పిలుసుడు నాకు నచ్చది, జైలు లెక్క ఉంటది. అందుకని ఒక్కొక్కనికి ఒక పేరు పెట్టిన. నా పేర్లకు ఒక్కటే కాయిదా, అన్నీ ఉల్టా. చెవులు ఇనరాని రాములుకు 'రేడియో'. కిటికీ నిండ నిలబడి ఎనుకోనికి గాలి రానియ్యని మల్లయ్యకు 'సన్నజాజి'. ఎప్పుడు లేటుగ వచ్చే పోశాలుకు 'గడియారం'. జీతం దినాన బొటనవేలుకు సిరా పూసుకొని ముద్ర వేసే ఓదెలుకు 'ప్రొఫెసర్'. లైనంత నవ్వేది. ఓదెలు గూడ నవ్వేది.

అన్ని పేర్లు ఉల్టావే. 'ప్రొఫెసర్' ఒక్కటి మాత్రం సీదాది. అది నాకు, అతనికి, ఇంకొందరికే ఎరుక.

ఎట్లనంటే, అంతకు ఏడెనిమిదేండ్ల కింద కమాన్‌పూర్ దిక్కు నుంచి ఒక ముఠా మనుషులు బాయి పనికి వచ్చిన్రు. అండ్ల ఓదెలు ఒకడు. పేరు రాయించుకున్నడు, ముద్ర వేసిండు, బిళ్ల తీసుకున్నడు, మొదటి షిఫ్టు దిగిండు. లోపల చీకటి, ఉక్క, నెత్తి మీద కప్పు పటపటమనుడు. పైకొచ్చి "నా ఎడ్లే నాకు మంచియి" అనుకుంట సద్దిగిన్నె గూడ మరిచి ఊరికి ఉరికిండు. మనిషి పోయిండు, బిళ్ల మిగిలింది. ఆ ముఠాను తెచ్చిన లింగన్న, బిళ్ల వట్టిగ పోవుడెందుకని ఇంకొకని చేతుల పెట్టిండు. ఆ ఇంకొకని పేరు దేవదానం.

దీన్ని మా దగ్గర మారుపేరు కొలువు అంటరు. తప్పా అంటే తప్పే. కని ఆ కాలంల మా బాయిలనే గట్లాంటోళ్లు లెక్కకు మిక్కిలి. బామ్మర్ది పేరు మీద బావ, చచ్చినోని పేరు మీద బతికినోడు. ఇంట్ల ఒక పేరు, గేటు దాటితే ఒక పేరు. పెండ్లాం గూడ సద్ది తెచ్చి గేటు కాడ మొగని అసలు పేరు పెట్టి పిలువది, అలవాటైపోయింది. అందరికి ఎరుకే, ఎవ్వరూ పలుకరు.

దేవదానం వాళ్లు మిషన్ కాంపౌండ్ల పెరిగినోళ్లు. తండ్రి బెల్లంపల్లి బాయిల పనిచేసి తొందరగనే పోయిండు. తల్లి శాంతమ్మ ఇండ్లల్ల పని చేసి సాదింది. మిషన్ బడిల ఇంగ్లీషు చెప్పిన దొరసాని ఒకామె తన దేశం పోతుపోతు ఒక ట్రంకు పెట్టెడు పుస్తకాలు ఈ పిలగానికి ఇచ్చి పోయింది. బీఏ దాక ఎట్లనో లాగిండు. అప్పటికి ఇంట్ల పొయ్యి ఆరింది, దొరికింది ఓదెలు బిళ్ల. అసలు ఓదెలు వేలుముద్రగాడు గనుక ఇతను గూడ వేలుముద్రగాడే కావాలె. పైగ ఆ దినాలల్ల చదువుకున్నోడు బొగ్గుతట్ట ఎత్తుత అంటే పైవాళ్లు అనుమానంగ చూసేది, రేపు యూనియన్ జెండ పాతుతడని. అట్ల బీఏ పాసైనోడు ముద్ర వేసేది, అయిదో తరగతి ఫెయిలైన నేను వంకలు తిప్పి సంతకం పెట్టేది. దేవుడు గూడ నా లెక్కనే ఉల్టా పేర్లు పెడ్తడనుకున్న.

అతను కోల్‌ఫిల్లర్. అంటే మందుపెట్టి పేల్చిన బొగ్గును తట్టలకు ఎత్తి టబ్బుల నింపేటోడు. నాకు అతని సంగతి తెలిసింది యాసిడ్ జాడీ కాడ. కొత్త జాడీలు రెండు వచ్చినయి, ఒక్క తీరే ఉన్నయి. నేను ఒకటి ఎత్తి, నీళ్ల జాడీ అనుకొని, ఒంచబోతున్న.

"రాజన్నా, అది నీళ్లు గాదు. ఆ రెండోది నీళ్లు" అన్నడు కిటికీ అవతల నిలబడ్డ ఓదెలు.

"నీకెట్ల ఎరుక?"

"వాసన."

"మూత గూడ తియ్యలే. నీ ముక్కుకు ఏమన్న దుర్బీను ఉన్నదా?"

ల్యాంపు అందుకొని గబగబ పోయిండు. షిఫ్టు అయినంక నేనే దొరకబట్టుకున్న. జాడీ మీద ఇంగ్లీషుల రాసున్నదని ఒప్పుకున్నడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత, ఎవ్వలకు చెప్పకు."

"చెప్త" అన్న. "దినాం లైన్ల అందరికి ఇనబడేటట్టు చెప్త. ఇయ్యాల్టి సంది నీ పేరు ప్రొఫెసర్. నా నోట్లెకెళ్లి వచ్చిన పేరును నిజమని ఎవడన్న నమ్ముతడా?"

గట్లనే అయింది. దాసుకునుడు ఎట్లనో నాకంటే ఎక్కువ ఎవనికి తెల్వదు. నలుగురు నవ్వే కాడ పెట్టాలె.

ల్యాంపు రూము ఎనుక, చార్జింగు పెట్టే ర్యాకుల పక్కన ఒక బల్ల ఉండె. అతను షిఫ్టుకు ముందు వచ్చి అక్కడ కూసుండేది. ఎమ్మే ఇంగ్లీషు ప్రైవేటుగ కట్టిండు, దేవదానం అనే పేరు మీద. ఎవ్వలన్న వస్తే పుస్తకం బ్యాటరీ ఎనుకకు పోయేది. కొన్ని దినాలకు అతని పుస్తకాలకు గూడ నా అంగీల లెక్కనే చిల్లులు పడ్డయి.

"ఏం చదువుతున్నవ్ తమ్మీ?"

"పాత ఇంగ్లీషు సాహిత్యం అన్నా. వాళ్ల రాజులు ఇనుప అంగీలు తొడుక్కొని గుర్రాలెక్కిన కాలం సంది, రెండువందల ఏండ్ల కిందటి దాక."

"మనకు మన ముత్తాత పేరే యాదికుండది. వాళ్ల తాతల ముచ్చట నీకెందుకు?"

"అండ్ల మనమే ఉన్నమన్నా."

"మనమా? తెల్లగ ఉంటమా?"

నవ్వి చెప్పేది. ఆ దేశంల పూర్వం పండుగలకు పనోళ్లే నాటకాలాడేదట. ఒక్కో పనోళ్లకు ఒక్కో బైబిలు కథ. ఓడలు చేసేటోళ్లకు ఓడ కథ, రొట్టెలు కాల్చేటోళ్లకు ప్రభువు కడపటి విందు. బండ్ల మీద ఆడుకుంట వీధి వీధి తిరిగేదట.

"బొగ్గోళ్లకు ఏం కథ?"

"బొగ్గోళ్ల ముచ్చట రాయలేదన్నా."

"ఉంటె నరకం మనకే ఇత్తుండ్రి. సెట్టింగు ఖర్చు గూడ ఉండకపోవు."

అన్నిటికంటె పాత పాటలు అతనికి పట్టుబడలే. వాటికి చివర ప్రాస ఉండదట, మాటల మొదటి అక్షరాలే ఒకదానికొకటి డీకొట్టుకుంటయట. అది చదువుతె తెలుస్తది గని చెవికి ఎక్కుతలేదని మొత్తుకునేది. మొదటి పేపరు ఒకపారి తప్పిండు కూడ. ఒకనాడు నేను ఊకుండలేక టబ్బులు తోసేటోళ్ల పాట అందుకున్న: "బండి కదలాలె బావా, బొగ్గు బరువాయె బావా, బొక్కలిరిగినా బావా, బయటపడాలె బావా!" అతను బల్ల మీదికెళ్లి లేచి నిలబడ్డడు. కండ్లల్ల నీళ్లు.

"గిదే అన్నా! గిదే!"

"గిది నేర్సుకునుడుకు యూనివర్సిటీకి ఫీజు కట్టినవా? నాకొక చాయ తాపితె అయిపోవు."

"ఆ పాత పాటలు ఎవలు కట్టిన్రో గూడ తెల్వదన్నా. సగం వాటికి రాసినోని పేరే లేదు."

"మారుపేరు గూడ లేదా?"

"మారుపేరు గూడ లేదు" అన్నడు.

ఆ పుస్తకాలల్ల చివరి కాలం కవులు నాకు నచ్చిన్రు. పెద్దమనుషులను ఎక్కిరించుడే వాళ్ల పనట. "వాళ్లు మావోళ్లు" అన్న. "మీవోళ్లే. కని వాళ్లు ఎక్కిరించే ముందు ఆలోచించేటోళ్లన్నా" అన్నడు. గట్ల తిప్పికొట్టేది అతనొక్కడే.

ఆ యేడు ఎమ్మే పాసైండు. అదే యేడు మా దగ్గర జూనియర్ కాలేజీ కొత్తగ పెట్టిన్రు, ఇంగ్లీషు చెప్పెటోడు కావాలె. దేవదానం దరఖాస్తు పెట్టుకున్నడు, ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. కాలేజీ వాళ్లకు బాయి మనుషులు తెల్వదు, బాయి వాళ్లకు కాలేజీ తెల్వదు. కొలువు చేతికి రాంగనే ఓదెలు పని మానేసిండని బిళ్ల వాపసిచ్చుడు, దేవదానం తెల్లంగి తొడుక్కొని కాలేజీకి పోవుడు. అంతే. ఓదెలు అని ఎరిగినోళ్లు, దేవదానం అని ఎరిగినోళ్లు ఒక్కకాడ కలువొద్దు, గదొక్కటే జాగ్రత్త.

చర్చికి కొత్తగ వచ్చిన పాస్టరు గుంటూరు దిక్కాయన. మంచోడు. మంచోళ్లతోటే కష్టం. తన సంఘంల బొగ్గు ఎత్తేటోడు ఎమ్మే పాసైండని తెలిసి ఆయన కాలు నిలువలే. కృతజ్ఞత కూడిక పెట్టిండు. కూడిక అంటే శాలువ ఉండాలె, శాలువ అంటే దాన్ని కప్పెటందుకు ఒక ఆఫీసరు ఉండాలె. మా దగ్గర అది రివాజు. బాయి వెల్ఫేర్ ఆఫీసరును పిలిచిండు. మారుపేర్ల ముచ్చట పాస్టరుకు ఎవ్వరు చెప్పలే. అసలు అది చెప్పుకునే ముచ్చటే గాదు. ఆఫీసరు వస్తున్నడని దేవదానంకు తెలిసే సరికి ఆదివారం పొద్దు వాలింది, కూడిక మొదలయింది.

ఇంకొక పెద్ద చిక్కు ఏందంటే, ఆ వెల్ఫేర్ ఆఫీసరుకు ఓదెలు బాగ తెలుసు. వేలుముద్రగాళ్లకు సాయంత్రం పూట అక్షరాలు నేర్పే బడి ఆయనే నడిపేది. ఓదెలు పేరు ఆ బడిల ఉండె, పోక తప్పది. ఆఫీసరు స్వయంగ అతని చెయ్యి పట్టుకొని పలక మీద 'అ' దిద్దించేది. ఎమ్మే చదివెటోడు ఎడమచేత్తోటి సుద్దబల్పం పట్టుకొని వంకర గీతలు గీసేది. "ఎప్పటికోయ్ నీకు వచ్చేది!" అని ఆ సారు నెత్తి కొట్టుకునేది.

నేను చర్చిల ఎనుక బెంచి మీద కూసున్న. పాస్టరు లేచిండు. "సహోదరులారా, ఇవాళ మన సంఘానికి ఎంతో సంతోషకరమైన దినం. మన దేవదానం ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్మే పాసయ్యాడు. రా నాయనా, ముందుకు రా!"

దేవదానం లేచిండు. ఆఫీసరు శాలువ మడతలు ఇప్పుతు తలెత్తిండు. చేతులు అక్కడనే ఆగినయి.

"నువ్వు ఓదెలువి కదూ?"

అతను ముందు వరుసల కూసున్న తల్లి దిక్కు ఒకపారి చూసిండు.

"అవును సార్" అన్నడు అతను. "దేవదానం మా తమ్ముడు సార్. రాలేకపోయిండు. వాని బదులు నేనొచ్చిన."

పాస్టరు నోరు తెరిచిండు. "అదేంటి, నువ్వే కదా—" అనేలోపట ముందు వరుసల నుంచి శాంతమ్మ అవ్వ లేచింది. బైబిలు ఛాతికి ఒత్తుకున్నది. "అవునయ్యా. చిన్నోడు బొంబాయి పోయిండు. వీడు పెద్దోడు" అన్నది. ఉన్నది ఒక్క కొడుకు. దేవుని ఇంట్ల నిలబడి ఇంకొక కొడుకును కన్నది. సంఘం మొత్తం తలలు వంచుకొని కూసున్నది. ఒక్కరంటె ఒక్కరు కాదనలే. అది చూసి పాస్టరు గూడ మిగిలిన మాట మింగిండు. శాలువ మళ్ల మడత పెట్టిన్రు.

అయినా ఆఫీసరుకు పురుగు తొలిచింది. ఎంక్వైరీ పెట్టిన్రు. పాత ముద్రలు సరిజూడాల్నంటె పట్నం పంపాలె గనుక మొదలు మనిషినే పరీక్షిద్దామనుకున్నరు. ఓదెలు క్వార్టరుకు మనిషిని పంపి పుస్తకాల ట్రంకు పెట్టె ఆఫీసుకు తెప్పించిన్రు. ల్యాంపు ఇచ్చేటోడు దినాం మొఖం చూసి ఇస్తడు గనుక నన్ను సాక్షిగ పిలిచిన్రు.

దానికి ముందు దినం లింగన్న నా కిటికీ కాడికి వచ్చిండు. ముసలాయన, నలుగురు ఆడపిల్లల తండ్రి.

"రాజన్నా, నీ నోరు ఊకె ఉండదు. రేపొక్కనాడు కుట్టేసుకో బిడ్డా. ఒక్క ఓదెలు బయటపడితె అందరి ముద్రలు తీస్తరు. ఎన్ని పొయ్యిలు ఆరుతయో నీకెరుక."

"నాకెందుకు చెప్తవ్ కాకా? అతనికి చెప్పు."

"చెప్పే మొఖం లేదు. వానికి బిళ్ల ఇచ్చింది నేనే."

చెప్పకుంటనే అతనికి అర్థమయింది. ఎనుక బల్ల మీద కూసున్నడు, చేతుల పుస్తకం లేదు. నేనే ఒత్తిడి పెట్టిన. "తమ్మీ, నిజం చెప్పెయ్యి. ఆ సారు మంచోడే. ఎమ్మే అంటె కనికరిస్తడు."

"నన్ను కనికరిస్తడన్నా. సన్నజాజిని? పోశాలును? వాళ్లవి గూడ మారుపేర్లే గద, వాళ్లకేం సర్టిఫికెట్ ఉన్నదని కనికరిస్తడు?"

"మరి నీ కాలేజి?"

"అన్నా, రేపు నిన్ను ఏమడిగినా ఓదెలు అనే చెప్పు. నేను సూస్కుంట." అంతే అన్నడు.

మేనేజరు రూముల టేబులు మీద పుస్తకాలు పేర్చి పెట్టిన్రు. వెల్ఫేర్ ఆఫీసరు, ఇంకిద్దరు పెద్దలు. నన్ను మొదలు అడిగిన్రు.

"ఈ మనిషి ఎవరు?"

"ఓదెలు సార్."

"ఇతన్ని నువ్వు ప్రొఫెసర్ అని పిలుస్తావట?"

"పిలుస్త సార్. చెవిటి రాములును రేడియో అంట. మల్లయ్యను సన్నజాజి అంట, కావాల్నంటె పిలిపించి చూడుండ్రి, ఈ తలుపుల పడితె. లేటు పోశాలును గడియారం అంట. అక్షరం రానోడు గనుక ఇతను ప్రొఫెసర్."

ఒక పెద్దాయన ఫక్కున నవ్విండు. వెల్ఫేర్ ఆఫీసరు ఒక పుస్తకం తెరిచి పట్టుకున్నడు. "ఈ చిల్లులు యాసిడ్‌వి. నీ రూముకి ఈ పుస్తకాలు ఎందుకొచ్చాయి?"

"అవి లావుంటయి సార్. ర్యాకు కాలు పొట్టిగుంటె కింద పెట్టనీకి అడుక్కున్న. తమ్ముడు వదిలేసి పోయినయి ఉన్నయని ఇతను తెచ్చిచ్చిండు."

ఈపారి అందరు నవ్విన్రు. ఓదెలు గూడ నవ్విండు. నా జన్మల నేను వేసిన జోకులల్ల గంత బాగ పేలింది ఇంకొకటి లేదు.

అప్పుడు ఆఫీసరు ఆ పుస్తకం అతని చేతుల పెట్టిండు. "చదువు" అన్నడు.

అది అతను ముందలపారి తప్పిన పేపరు పుస్తకం. పాత పాటలది. పక్కల ఖాళీలల్ల పెన్సిలుతోటి అతను రాసుకున్న రాతలు. లోపల లోపల అనుకున్న, ఇగ చదువుతడు, ఆపుకోలేడు, చదివి ఈ రూము కప్పు ఎగరగొడ్తడు. సినిమాలయితె గట్లనే అయితది.

పుస్తకం తలకిందులుగ పట్టుకున్నడు. ఒక పేజీ తిప్పిండు. ఇంకొకటి తిప్పిండు. నెమ్మదిగ మూసి టేబులు మీద పెట్టిండు.

"బొమ్మలు లేవు సార్" అన్నడు.

ఆఫీసరు మొఖంల అనుమానం పోయింది. దాని జాగల జాలి వచ్చింది. అనుమానమే నయముండె. "సరే పో. చూడు ఓదెలూ, ఒక్క తల్లి కడుపున పుట్టారు. నీ తమ్ముణ్ణి చూసి నేర్చుకో" అన్నడు. లింగన్నను పిలిచి, ఈ మనిషి ఓదెలే, ఎక్కడికి పోడు అని జమానతు తీసుకున్నరు. పుస్తకాలు ఎవ్వలు వాపసియ్యలే, ఇతను అడుగలే. స్టోరు రూముల మూలకు పడ్డయి, చెదలకు చదువు వచ్చింది.

ఆ దినం రెండో షిఫ్టుకు కిటికీ కాడికి వచ్చిండు. బిళ్ల ఇచ్చిండు. నంబరు పెట్టి పిలిచిన.

"గదేంది అన్నా, పేరు మరిచినవా? ప్రొఫెసర్ అనే పిలువు. నీ కాయిదా లెక్కల ఇప్పుడే సరిగ్గ కుదిరింది" అన్నడు. ల్యాంపు నెత్తికి తగిలించుకొని పోయిండు. తిప్పికొట్టుడుల అతనికి ఎదురు లేదని చెప్పిన గద.

ఇంటర్వ్యూ దినాన అతను టబ్బులు నింపుతున్నడు. కొన్నాళ్లకు "వేరే ఊరు పో తమ్మీ, వరంగల్ పో, అక్కడ నిన్నెవడు గుర్తుపడ్తడు" అన్న. "ఓదెలు పారిపోతె మళ్ల ఎంక్వైరీనే అన్నా. జమానతున్నది ఎవలు?" అన్నడు. లింగన్న నాలుగో బిడ్డ అప్పటికి ఇంక బడికి పోయే ఈడుది.

అన్నింటికంటె నాకు అరుగనిది ఏందంటే, ఆ కాలేజీకి ఇంగ్లీషు చెప్పేటోడు ఆ యేడు దొరుకనే లేదు. వెల్ఫేర్ ఆఫీసరుకు ఈ సంగతి తెలిసి స్వయంగ వీళ్ల క్వార్టరుకు వచ్చిండు. గుమ్మం కాడ నిలబడి శాంతమ్మ అవ్వతోటి "అమ్మా, మీ చిన్నబ్బాయిని రమ్మని ఉత్తరం రాయించండి. అటువంటివాడు మన ఊళ్లో ఉండాలి. నేను మాట్లాడతాను" అన్నడు. పక్కన ఓదెలు బొగ్గుమొఖంతోటి నిలబడి ఉన్నడు.

"రాయిస్త అయ్యా" అన్నది అవ్వ.

ఆ తర్వాత బజార్ల కనబడ్డప్పుడల్ల ఆయన అడిగేది, "చిన్నబ్బాయి ఎలా ఉన్నాడమ్మా?" "మంచిగున్నడయ్యా, బొంబాయిల." ఇంకో యేడు గడిచినంక ఆ అబద్ధానికి ఆమె పెండ్లి గూడ చేసింది. "పిల్ల ఆ దిక్కుదే అయ్యా, మంచిది" అని చెప్పింది. నాకు చెప్తు నవ్వబోయింది. నవ్వు రాలే. "రాజన్నా, నా చిన్నకొడుకే నన్ను మంచిగ సూస్కుంటున్నడు బిడ్డా. ఇంటికే రాడు" అన్నది.

ఓదెలు సాయంత్రం బడికి మానకుంట పోయిండు. ఆఫీసరు పట్టుబట్టి కూసోబెట్టిండు, తమ్ముడు ఎమ్మే అయి అన్న వేలుముద్ర ఉండుడేందని. ఏడాది చివర ఆ బడి జల్సా, అంటే సభ, పెట్టిన్రు. నన్ను గూడ పిలిచిన్రు, నాలుగు ముచ్చట్లు చెప్పి నవ్వియ్యమని. స్టేజి మీద నల్లబల్ల. ఓదెలును పిలిచిన్రు. సుద్దముక్క ఎడమచేతికి తీసుకున్నడు. 'ఓదెలు' అని రాసిండు. గుణింతాలు వాలిపోయినయి, 'ద' పొట్ట పగిలింది. ఎంతో కష్టపడి గంత ఖరాబుగ రాసిండు. చప్పట్లు మోగినయి. ఆఫీసరు కండ్లు తుడుచుకొని అతనికి శాలువ కప్పిండు. అది చర్చిల మడత పెట్టిన శాలువనేనో కాదో నేను దగ్గరికి పోయి చూడలే, చూడబుద్ధి కాలే. నా వంతు వచ్చినప్పుడు నాకు ఒక్క జోకు గూడ యాదికి రాలే. నేను స్టేజి ఎక్కి నోరు రాకుంట దిగింది ఆ ఒక్కపారే.

ల్యాంపు రూముల నేను మస్తు యేండ్లు పనిచేసిన. బిళ్ల మిగిలి, మనుషులను ఎదుకుడుకు పోయిన దినాలు ఉన్నయి, దొరికిన దినాలు ఉన్నయి, దొరుకని దినాలు గూడ ఉన్నయి. అయినా ఎవలన్న ఈ పని నీకేం నేర్పిందని అడిగితె నాకు యాదికొచ్చేది ప్రమాదాలు గాదు. ఓదెలు ప్రతి షిఫ్టు సక్కగ పైకొచ్చిండు, ల్యాంపు ఇచ్చిండు, బిళ్ల తీసుకున్నడు. నా బోర్డు మీద ఎన్నడు తప్పు రాలే. నేను ఆ బోర్డునే నమ్ముకొని ఇంటికి పోయి తిని పండుకున్న. బిళ్ల చెప్పేది ఒక నంబరు పైకొచ్చిందని. మనిషి వచ్చిండా లేదా అనేది కిటికీల నుంచి మెడ బయటపెట్టి చూసుకోవాలె. దేవదానం ఆ ఎంక్వైరీ దినాన దిగిండు, మళ్ల పైకి రాలే. అతని పేరు మీద బిళ్ల లేకుండె, గందుకే ఎవ్వరు ఎదుకపోలే.